ఎడమ చెవిలోంచి కుడి చెవిలోకి నడిచిన డప్పు

పోయిన ఆదివారం నాకు లేని రోగం ఒకటి వచ్చింది. మిర్యాలగూడలో బస్సెక్కేటప్పుడు లేదు, కోదాడలో దిగేటప్పటికి ఉంది. అంతకంటే సిగ్గుచేటు ఏమిటంటే, ఆ రోగం నాకుందని నా నోటితో నేనే ఒప్పుకున్నాను. సోమవారం నుంచి మా బడిలో రాజయ్య సార్ టీ గ్లాసు పట్టుకుని "కోదాడ సంబంధం ఏమైంది సైదులూ" అని అడుగుతూనే ఉన్నాడు. ఒక్కొక్కరికి చెప్పే ఓపిక లేక, అందరూ కూర్చున్నప్పుడు ఒకేసారి చెబుతున్నాను. నవ్వేవాళ్లు చివరిదాకా ఆగి నవ్వండి.

ఆ రోజు పెళ్లిచూపులు. సంబంధం చూసింది సూర్యాపేటలో ఉండే మా సావిత్రక్క. అమ్మాయి పేరు సుజాత, బీఎడ్ చదివి కోదాడలోనే ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతుంది. నాకు ముప్పై దాటింది. ఇంతకుముందు రెండు సంబంధాలు వచ్చి, పల్లెటూరి బడి సార్ పల్లెలోనే ఉంటాడని తెలిసి పోయాయి. ఈ సంబంధం మీద మాత్రం ఎందుకో ఆశ పెట్టుకున్నాను. ఫోటోలో ఆమె కెమెరా వైపు చూడలేదు. పక్క నుంచి ఎవరో పిలిస్తే అటు తిరగబోయి, ఆగినట్టు ఉంది. ఎవరు పిలిచి ఉంటారా అని నాలుగు రోజులు ఆలోచించాను.

అక్కా బావా సూర్యాపేట నుంచి వాళ్లింటికి నేరుగా వచ్చేటట్టు, నేను నిడమనూరు నుంచి మిర్యాలగూడకు వచ్చి అక్కడ కోదాడ బస్సెక్కేటట్టు అనుకున్నాం. మిర్యాలగూడ బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ షాపులో మెమరీ కార్డులోకి పాటలు ఎక్కిస్తారు. గుండె దడ తగ్గుతుందని ఆగి, నాలుగు పాత పాటలు ఎక్కించుకున్నాను. షాపతను నా ఫోన్ స్పీకర్లో ఒక పాట పెట్టి మొహం చిట్లించాడు.

"గిట్ల వింటే ఏముంటది సార్. ఇయర్‌ఫోన్స్ తీస్కోండ్రి. ఎడమది ఎడమకే, కుడిది కుడికే పెట్టాలె. అటిటు పెట్టకుండ్రి."

"ఏదైతే ఏమైంది, రెండూ ఒకటే పాట కదా" అన్నాను.

అతను నన్ను జాలిగా చూశాడు. మా తరగతిలో సున్నాతో భాగిస్తే ఏమవుతుంది సార్ అని అడిగిన పిల్లవాణ్ని నేను కూడా అట్లే చూస్తుంటాను.

ఇయర్‌ఫోన్స్ కొని బస్సెక్కితే కిటికీ పక్క సీటు దొరికింది. తల దువ్వుకుని పెళ్లిచూపులకు పోతున్నాను, కాలువ పనుల దుమ్ము మొత్తం రోడ్డు మీదే ఉంది. తువ్వాలు తీసి తలకు, చెవులకు కలిపి గట్టిగా చుట్టాను. వైరు చొక్కా లోపలి నుంచి పోనిచ్చి, ఫోన్ లోపలి జేబులో పెట్టాను. అంటే బయటి నుంచి చూసేవారికి ఇయర్‌ఫోన్ లేదు, వైరు లేదు, పాట లేదు. తలకు తువ్వాలు కట్టుకుని కళ్లు మూసుకున్న ఒక మనిషి ఉన్నాడు, అంతే.

పాట మొదలైంది.

అది చిన్నప్పటి నుంచి వింటున్న పాటే. పెళ్లిళ్లలో మైకుల్లో విన్నాను, హోటల్ రేడియోలో విన్నాను, బస్సుల్లో విన్నాను. అప్పుడెప్పుడూ పాటకు ఒకే నోరు ఉండేది. ఇప్పుడు ఎడమ వైపు నుంచి ఒక తీగ మోగింది. ఎవరో నా ఎడమ భుజం పక్కన కూర్చుని మీటినట్టు. దానికి జవాబుగా కుడి వైపు చాలా దూరం నుంచి, వరి మడి అవతలి గట్టు మీది నుంచి వచ్చినట్టు ఫ్లూట్ పలికింది. పాడే ఆమె మాత్రం ఎటూ లేదు, సరిగ్గా నా కనుబొమ్మల మధ్య నిలబడి పాడుతోంది. హాజరు పిలిస్తే పిల్లలు ఎవరి బెంచీ మీది నుంచి వాళ్లు "ప్రజెంట్ సార్" అన్నట్టు, వాయిద్యాలన్నీ ఎక్కడివి అక్కడ నుంచి పలుకుతున్నాయి. నా తలకాయలో ఇంత జాగా ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

అంతలో డప్పు మొదలైంది. ఎడమ చెవి దగ్గర మొదలై, మెల్లగా నడుచుకుంటూ, తల మధ్య నుంచి దాటి కుడి చెవిలోకి పోయింది. మళ్లీ తిరిగి వచ్చింది. నిజంగా మనిషి డప్పు వాయిస్తూ గది ఈ మూల నుంచి ఆ మూలకు పోయినట్టే. నా తల దానితోపాటే తిరిగింది. ఎవరు కూర్చుని ఈ చప్పుడును ఇక్కడి నుంచి అక్కడికి జరిపారో, ఎన్ని గంటలు కష్టపడ్డారో! ముప్పై ఏండ్లుగా ఆయన నడిపిస్తూనే ఉన్నాడు, నేనే ఒక్కనాడూ చూడలేదు. నాకు కళ్లవెంట నీళ్లొచ్చాయి. పండ్లు బిగించాను. చేతివేళ్లు వాటంతట అవే తొడ మీద కొట్టుకోవడం మొదలుపెట్టాయి. కోరస్ వెనక నుంచి వచ్చేసరికి మెడ వెనక్కి వాలింది. ఎన్ని పాటలయ్యాయో, బస్సు ఎక్కడుందో నాకు తెలియదు.

అప్పుడు నా కుడి అరచేతిలో చల్లగా ఏదో గుచ్చుకుంది.

కళ్లు తెరిచాను. బస్సు ఆగి ఉంది. బస్సులో ఉన్నవాళ్లందరూ నా మీదికి వంగి ఉన్నారు. ఒకాయన నా కాళ్లు గట్టిగా పట్టుకున్నాడు. కండక్టర్ టికెట్ల పుస్తకంతో నాకు గాలి విసురుతున్నాడు. యాభై ఏండ్ల ఒక పెద్దమ్మ నా గడ్డం పట్టుకుని, తన బీరువా తాళం చెవుల గుత్తి నా చేతిలో పెట్టి, ఆ పిడికిలిని తన రెండు చేతులతో అదిమి పట్టింది. అందరి నోళ్లూ కదులుతున్నాయి గాని నాకు వినపడేది పాటే. ఆ ఒక్క క్షణం, సత్యంగా చెబుతున్నాను, కోరస్ పాడేది వీళ్లేననుకున్నాను.

ఎడమ చేత్తో జేబులో ఫోన్ తడిమి పాట ఆపాను.

"తెలివొచ్చింది, తెలివొచ్చింది. చెయ్యి ఇడువకు బిడ్డా, ఇనుము గట్టిగ పట్టుకో" అంది పెద్దమ్మ.

తాళం చెవులు పెడితే ఫిట్స్ తగ్గవని, ఆ మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టాలని ఏడో తరగతికి ఏటా పాఠం చెప్పేది నేనే. "ఏం లేదమ్మా, పాట వింటున్నా" అన్నాను.

"పాట ఇనపడుతుందంట" అంది ఆమె వెనక్కి తిరిగి.

"గట్లనే అయితది" అన్నాడు కాళ్లు పట్టుకున్నాయన. "మా పక్కింటాయనకు లేసినంక దేవుడు కనపడ్డడు."

అప్పుడే తువ్వాలు విప్పి వైరు చూపిస్తే అయిపోయేది. కానీ చుట్టూ చూశాను. డ్రైవర్ ఇంజన్ ఆపి దిగి వచ్చాడు. ఒకామె చంటిపిల్ల పాల కోసం తెచ్చుకున్న నీళ్లతో నా మొహం కడిగింది. ఆ పెద్దమ్మ కళ్లు తడిగా ఉన్నాయి. ఇంతమంది ఇంత కష్టపడ్డాక, ఏమీ కాలేదు, సంగీతం బాగుందని ఊగాను అని ఎట్లా చెప్పేది? మొహమాటానికి తువ్వాలు విప్పలేదు.

"ఎప్పటి నుంచి వస్తుంది బిడ్డా?" అని అడిగింది ఆమె.

"అప్పుడప్పుడు వస్తదమ్మా" అన్నాను.

అబద్ధం చెప్పిన పిల్లల కథలు నా దగ్గర పన్నెండు ఉన్నాయి. వారానికి ఒకటి చెబుతాను. వాటిలో ఒక్కటి కూడా ఆ టైముకు గుర్తు రాలేదు. ఎవరి దారిన వాళ్లు దిగిపోయేటోళ్లమే కదా అనుకున్నాను. కోదాడ వచ్చేదాకా ఆమె నా పక్కనే కూర్చుని వీపు రాస్తూ, మంచి డాక్టరుకు చూపించుకొమ్మని, వేళకు తినమని చెప్పింది. దిగేటప్పుడు గుత్తి తీసుకుని, నా తల నిమిరి, ఆటో ఎక్కి వెళ్లిపోయింది.

నేను టీ తాగి, మొహం కడుక్కుని, తల దువ్వుకుని, అరగంట తర్వాత బావ చెప్పిన గుర్తులతో ఇల్లు పట్టుకున్నాను. హాల్లో అక్క, బావ, సుజాత వాళ్ల నాన్న వెంకన్న గారు కూర్చుని ఉన్నారు. నేను చెప్పులు విడుస్తుండగా మా అక్క మాట వినపడింది.

"పాపం ఎవల పిల్లగాడో, బస్సుల ఒక్కడే పోతుండెనా?"

"ఒక్కడేనమ్మా, సదువుకున్నోని లెక్కనే ఉన్నడు" అంటూ లోపలి నుంచి మంచినీళ్ల చెంబుతో వచ్చింది బస్సు పెద్దమ్మ. నేరేడుచర్లలో ఉండే సుజాత మేనత్త, లచ్చమ్మ అత్త.

నన్ను చూసింది. చెంబు నా చేతికి ఇవ్వలేదు, కింద పెట్టింది.

"నువ్వా బిడ్డా" అంది, మెల్లగా.

ఆ తర్వాత ఆమె వెంకన్న గారిని లోపలికి పిలిచింది. అయిదు నిమిషాలకు ఆయన బయటికి వచ్చి గొంతు సవరించుకున్నాడు. "సార్, ఏమనుకోకుండ్రి. తబియత్ ఎట్లుంటది మీకు?"

బావ లేచి నిలబడ్డాడు. "మా బామ్మర్దికి ఏం రోగం? జరం గూడ రాదు వానికి."

"రోగం వస్తే తప్పేం లేదన్నా, మందులుంటయ్" అంది లచ్చమ్మ అత్త. "దాస్తెనే తప్పు. ఈ పిల్లగాడు నా చేతులు పట్టుకొని తన నోటితోనే చెప్పిండు."

అందరూ నా వైపు తిరిగారు. మా అక్క చూపు చూస్తే నిజంగానే కళ్లు తిరిగాయి. అంతా చెప్పాను. వెంకన్న గారు చివరిదాకా విని, "పాట ఇంటే ఎవలన్నా గట్లయితరా సార్" అన్నాడు. మర్యాదగానే అన్నాడు గాని, అప్పటికే ఆయన మనసులో మమ్మల్ని గేటు దాకా సాగనంపుతున్నాడు.

"అత్తకు వినిపిస్తాను. మీరే చూడండి" అన్నాను.

లచ్చమ్మ అత్తను కుర్చీలో కూర్చోబెట్టి, ఎడమది ఎడమకు, కుడిది కుడికి పెట్టి, పాట పెట్టాను. అందరూ ఆమె మొహం చూస్తున్నారు. తీగ మోగే చోటు వచ్చింది. కదలలేదు. ఫ్లూట్ అయిపోయింది. కదలలేదు. డప్పు నడిచే చోటు వచ్చింది, పోయింది. ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని ఫోటో దిగుతున్నట్టు కూర్చుంది.

"పాట మంచిగనే ఉంది" అంది. "నేనైతే ఊగలే."

బావ తల దించుకున్నాడు. వెంకన్న గారు కండువా సర్దుకున్నాడు. సంబంధం నా కళ్లముందే లేచి చెప్పులేసుకుంటోంది.

అప్పుడు వంటింటి గుమ్మం దగ్గర నుంచి ఒక గొంతు. "అత్తా, రెండు చెవుల్లోనూ వస్తుందా?"

"ఒక దాంట్లనే వస్తుందే. రెండోది ఊరికే పెట్టిండు సారు."

సుజాత వచ్చింది. నా వైపు చూడలేదు. నా చేతిలో ఫోన్ తీసుకుని, పిన్ను సగమే దూరి ఉండడం చూసి, బొటనవేలితో లోపలికి నొక్కింది. టప్ మంది. పాటను మళ్లీ మొదటికి తెచ్చింది.

ఈసారి తీగ మోగగానే లచ్చమ్మ అత్త ఎడమ భుజం వైపు చూసుకుంది. ఫ్లూట్ రాగానే కుడి వైపు కిటికీలోంచి బయటికి చూసింది. డప్పు బయలుదేరింది. ఆమె తల ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకు, దాని వెంట పోయింది. కళ్లు మూసుకుంది. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. కోరస్ వచ్చేసరికి లేచి నిలబడి వెనక్కి తిరిగి చూసింది. వెనక గోడ తప్ప ఏమీ లేదు.

"గీళ్లంత ఏడున్నరే" అంది. "నా తల్కాయలకెంచి నడుసుకుంట పోతున్నరు."

పాట అయ్యేదాకా ఆమె ఎవరికీ ఇవ్వలేదు. తర్వాత వెంకన్న గారి వంతు. ఆయన మొదట కండువా సర్దుకుని బిగుసుకుని కూర్చున్నాడు గాని, డప్పు ఆయన్నీ వదల్లేదు. తర్వాత అక్క, తర్వాత బావ. ఒకరు వింటుంటే మిగతావాళ్లు చుట్టూ నిలబడి "ఇప్పుడు వస్తది, ఇప్పుడు కుడికి పోతది" అని ముందే చెబుతున్నారు. పెళ్లిచూపులకు వచ్చామని అందరూ మరిచిపోయారు. నేను మరిచిపోలేదు.

చివరికి పెద్దవాళ్లకే గుర్తొచ్చి, ఇద్దరం మాట్లాడుకొమ్మని వెనక వరండాలోకి పంపారు. తలుపు మాత్రం వేయలేదు. సుజాత రెండు చెవులకూ పెట్టుకుని, తల కొంచెం కూడా కదల్చకుండా, కళ్లు మాత్రమే అటూ ఇటూ తిప్పుతూ వింది. పాట అయింది. తర్వాత ఒకటి నాకిచ్చి, ఇంకోటి తను ఉంచుకుని, పాట మళ్లీ పెట్టింది.

"నాకు ఫ్లూటే వస్తుంది" అంది.

"నాకు డప్పే" అన్నాను. "దీని మీద ఒక కథ ఉంది..."

"కథ తర్వాత చెబుదురు గాని." కోదాడ మనిషి కదా, మాటలో ఆంధ్రా గాలి ఉంది. "బస్సులో అబద్ధం ఎందుకు చెప్పారు?"

"అంతమంది అంత కష్టపడ్డారు. ఏమీ లేదని చెప్పడానికి మొహమాటమైంది."

ఆమె నా వైపు తిరిగింది. "మొహమాటానికి లేని రోగమే ఒప్పుకున్నారు. మరి నేను నచ్చానా అని అడిగితే? అదీ మొహమాటానికే చెబితే నాకెట్లా తెలుస్తుంది?"

ఇన్నేండ్లలో ఏ ఇన్‌స్పెక్షన్‌లోనూ నన్ను ఎవరూ ఇట్లాంటి ప్రశ్న అడగలేదు. సరిగ్గా అప్పుడే నా చెవిలో డప్పు జోరందుకుంది. దాన్ని దాటి నా మాట నాకే వినపడాలని గొంతు పెంచాను. ఎంత పెంచానో నాకు తెలియదు.

"నచ్చినవ్. మొహమాటం లేదు."

హాల్లో మాటలు ఆగిపోయాయి. పక్క మేడ మీద బట్టలారేస్తున్న ఆమె పిట్టగోడ దగ్గరికి వచ్చి చూసింది. ఎదురింటి కుక్క ఒకసారి మొరిగింది.

"మాకు ఇనపడ్డది బిడ్డా" అని లోపలి నుంచి లచ్చమ్మ అత్త గొంతు. "ఆ పిల్ల ఏమన్నదో గది చెప్పు."

సుజాత నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల ఊపింది. ఆమె ఎంత మెల్లగా ఒప్పుకుందంటే, పక్కన నిలబడ్డ నాకు కూడా వినపడలేదు, చూసి తెలుసుకున్నాను. నా మాట మాత్రం వీధి చివరి కిరాణా కొట్టు దాకా పోయిందని తర్వాత బావ చెప్పాడు. ఇప్పుడు మా అక్కకు ఒక పని తగ్గింది. ఆ వీధి వాళ్లకు పెళ్లి పత్రికలు పంచనక్కర్లేదు, ముహూర్తం ఒక్కటి చెబితే చాలు.