లోటా మీద వాలిన గాజు

నేను బళ్లారిలో డ్రాయింగు టీచరుగా చేసి రిటైరైన ఏడాదే మా ఇంటికి కరెంటు బట్టీ వచ్చింది. బెంగళూరులో గాజు పని చేసే ఒకామె తన షెడ్డు మూసేస్తూ దాన్ని మాకు అమ్మేసింది. మా ఆయనకు కిటికీ అద్దాలు, ఫోటో ఫ్రేముల అంగడి. అక్కడ కోతలో మిగిలే గాజు ముక్కలను ఒకదాని మీద ఒకటి పేర్చి, బట్టీలో కరిగించి ఒకే పలక చేయాలని, ఆ పలకను మళ్లీ వేడి చేసి గిన్నెలాగా వంచాలని నా ఆశ. వంచడానికి అచ్చు కావాలి. బట్టీతోపాటు ఆమె రెండు మట్టి అచ్చులు కూడా పంపింది గానీ, లారీ కుదుపులకు అవి దారిలోనే పొడిపొడి అయినాయి.

పలకలు చేయడం తొందరగానే పట్టుబడింది. రెండు గాజు బిళ్లల నడుమ రాగి రేకు ముక్కలు పెడితే, చల్లారేసరికి అవి ఎర్రమన్ను రంగుకు తిరిగి ఉండేవి. అంచుల్లో కొంచెం నీలం. పొద్దున బట్టీ తెరిచి, పలకను ఎండకు పట్టుకుని చూస్తూ ఉంటే పొయ్యి మీద పాలు పొంగిపోయేవి.

తంటా అంతా గిన్నె దగ్గర వచ్చింది. మట్టి అచ్చులు లేవు కాబట్టి వంటింట్లోని స్టీలు గిన్నెనే అచ్చు చేసుకున్నా. గాజు అంటుకోకుండా పూసే తెల్లపొడి ఒకటి ఉంటుంది, నీళ్లలో కలిపి బ్రష్షుతో పూయాలి. నున్నటి స్టీలు మీద అది నిలవకుండా జారిపోయింది. గిన్నెను పొయ్యి మీద కాస్త కాచి పూస్తే, దోసె పెనం మీద పిండి పడినట్టు చుయ్యిమని పట్టుకుంది. ఆ ఉపాయం నాకే తోచిందని ఆ పూటంతా గర్వంగా తిరిగినా.

గిన్నె మూతి మీద గుండ్రటి పలక పెట్టి బట్టీ వేసినా. వేడికి పలక మెత్తబడి లోపలికి చక్కగా వంగింది. కానీ మరునాడు తెరిస్తే గాజు, స్టీలు గిన్నెలోనే బిగుసుకుని, నడిమికి చీలి ఉంది. పొడి తక్కువైందేమో అనుకుని రెండోసారి మూడు పూతలు పూసినా. ఇంకా నిదానంగా చల్లార్చినా. మళ్లీ అదే చీలిక.

"నీకు పలకలు బాగా వస్తాండాయి కదా, అవే చేసుకో" అన్నాడు మా ఆయన. ఓదార్చాలనే అన్నాడు, నాకు మాత్రం కోపమొచ్చింది.

ఆ వారంలోనే రూపనగుడి నుంచి మా చిన్నాయన వచ్చినాడు, మా నాయన తమ్ముడు. కంటి ఆపరేషను అయిన తర్వాత డాక్టరుకు చూపించుకోవడానికి వచ్చి, నాలుగు దినాలు మా ఇంట్లో ఉన్నాడు. ట్రాక్టర్లు రాకముందు చుట్టుపక్కల ఊర్ల ఎద్దుల బండ్లకు చక్రాలు బాగు చేసింది ఆయనే. కొత్త చూపు వచ్చినాక ఆయనకు ఇంట్లో ప్రతి వస్తువునూ ఎత్తి చూడడం ఆట అయిపోయింది. అట్లనే, నేను బాధతో మూలకు పెట్టిన ఆ గిన్నెను కూడా ఎత్తినాడు.

"ఏంది పాపా ఇది?"

"గాజు గిన్నె చేయబోయినా చిన్నాయనా. పగిలిపోయినాది."

వేలితో అంచు చుట్టూ తడిమినాడు. "దానంతట అది పగల్లేదు ఇది. పిసికేసినాది."

"ఏం పిసికేసినాది?"

"ఇంకేంది, ఈ స్టీలే! మేము గాండ్లకు పట్టా ఎట్ల ఏస్తాంటిమో చిన్నప్పుడు చూసుండావు కదా?"

చూసినాను. మా పక్క బండి చక్రాన్ని గాను అంటారు. దాని చుట్టూ వేసే ఇనుప పట్టాను గాను కంటే రవ్వంత చిన్నదిగా చేసి, పిడకల మంటలో ఎర్రగా కాల్చేవాళ్లు. కాలితే పట్టా పెద్దదవుతుంది. నలుగురు పట్టకార్లతో ఎత్తి కట్టె చక్రానికి తొడిగి, బిందెలతో నీళ్లు పోసేవాళ్లు. ఆవిరిలో ఎవరి ముఖమూ కనపడేది కాదు. చల్లారే ఇనుము కుంగి చిన్నదై, చక్రం కీళ్లన్నీ కిర్రుకిర్రుమని బిగుసుకునేవి.

"కట్టె కాబట్టి నలిగి సర్దుకుంటాది" అన్నాడు చిన్నాయన. "గాజు యాడ నలుగుతాది? ఇనుము కుంగినంత గాజు కుంగదు. లోపల ఇరుక్కుంటే పగలాల్సిందే."

"మరి ఏం చేయాల?"

ఆయన గిన్నెను నేల మీద బోర్లించినాడు. "గాజును బయట ఏయి. ఇనుము లోపల కుంగితే, అదే ఇడ్సుకుని వస్తాది."

ఇన్నాళ్లూ నాకు తట్టనిది అంతే. బోర్లించడానికి అడుగు సన్నగా, మూతి వెడల్పుగా ఉండేది కావాలి. స్టాండు మీద నుంచి పొడుగాటి స్టీలు లోటా తీసినా. లోపలి గాలి బయటికి పోవడానికి అడుగున చిన్న బెజ్జం వేయమని మా ఆయన చేతికిచ్చినా.

"మా అమ్మ పేరు చెక్కిచ్చిన లోటాకు బెజ్జం ఏయమంటావా?" అన్నాడు.

"మీ అమ్మ ఉండింటే ఆమే ఏయమంటుండె" అని చిన్నాయన నవ్వినాడు. డ్రిల్లు తిరిగింది.

లోటాకు పొడి పూసి బట్టీలో బోర్లించి, దాని నెత్తిన పలక పెట్టి మూత వేసినా. వేడి దిగేదాకా తెరవకూడదు. చిన్నాయన కుర్చీ తెచ్చుకుని బట్టీ పక్కనే కూర్చున్నాడు. "ఒక్కసారి చూస్తామా?" అని గంటగంటకూ అడిగేవాడు. "వొద్దు" అనేదాన్ని. మధ్యలో నా చేత బొరుగుల ఉగ్గాని చేయించుకుని తిన్నాడు. ఏ ఊరి బండి ఎంత దూరం తిరిగిందో చెప్పినాడు. నా చిన్నతనంలో ఆయన ఎప్పుడూ పనిలోనే ఉండేవాడు. నాతో అంతసేపు కూర్చుని మాట్లాడింది ఆ దినమే.

మరునాడు పొద్దున, బట్టీ ఒళ్లు చల్లబడిందని చేత్తో తాకి చూసుకుని మూత ఎత్తినా. లోటా చుట్టూ గాజు, తడిబట్ట ఆరేసినట్టు కుచ్చిళ్లు కుచ్చిళ్లుగా వాలి ఉంది. ఎక్కడా చీలిక లేదు. రెండు చేతుల్తో ఎత్తితే లోటా దానంతటదే జారి, టంగుమని కింద మిగిలింది. చిన్నాయన గాజును తిప్పి పెట్టుకుని, కుచ్చిళ్లను ఒక్కొక్కటే వేలితో తడుముతూ చాలాసేపు కూర్చున్నాడు. నాకు కళ్లు తడిసినాయి.

దాన్ని ఆయనకే ఇచ్చేసినా. పంచెలో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని పోయినాడు. మరుసటి దినం చిన్నమ్మ ఫోను చేసింది.

"పొద్దుట్నుంచి జనం వచ్చి చూసిపోతాండారు పాపా. మీ చిన్నాయన తానే చేసినట్ల చెప్పుకుంటాండాడు."

"సగం ఆయనదేలే చిన్నమ్మా" అన్నా.

ఇప్పుడు స్టీలు సామాన్ల అంగడికి పోతే ప్రతిదాన్నీ బోర్లించి చూడడం అలవాటైంది. వాలు లేకుండా నిటారుగా ఉన్నదాన్ని, గాజు ఊడి రాదని పక్కన పెడతాను. అంగడాయన మొదట్లో విసుక్కునేవాడు. "ఇదు అడిగెగా, అక్కా?" అని ఒక దినం కన్నడంలో అడిగినాడు. వంటకు కాదప్పా, గాజును దీని మీద బట్ట మాదిరి ఆరేయడానికి అన్నా. ఆయన పై అరలో నుంచి అంచు విచ్చుకున్న కొత్తరకం గిన్నె ఒకటి తీసి, తానే బోర్లించి నా ముందర పెట్టినాడు.