బొమ్మ చూసి నొక్కాను

యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. సినిమాల్లో గుంపు వేషాల కోసం యూసుఫ్‌గూడ నెట్ సెంటర్‌లో ఫారం నేనే నింపాను. కానీ ఏ పనికి వస్తామో చెప్పేచోట అక్షరాలే లేవు, అన్నీ బొమ్మల బటన్లే. కొంగు ఎగురుతున్న ఆడమనిషి బొమ్మ చూసి, డాన్సు అనుకుని నొక్కాను.

ఫిల్మ్ నగర్ స్టూడియోలో నా నడుముకు తాడు కట్టి పైకి లాగారు.

"దించుండ్రి బిడ్డా, సచ్చిపోత!"

"ఫైట్ బటన్ మీరే నొక్కారు కదండీ!" అన్నాడు ఫైట్ మాస్టర్.

షూటింగ్ చూడటానికి వచ్చిన, ఆ ఫారం చేసిన సాఫ్ట్‌వేర్ అబ్బాయి కంగారుపడ్డాడు. "చదువు రానోళ్ల కోసమే బొమ్మలు పెట్టినం అమ్మా!"

"మరి చదువు నేర్చినోళ్లం ఏం పాపం జేసినం?" అని గాల్లోంచే అరిచాను.

ఇప్పుడు ప్రతి బొమ్మ కిందా పేరుంది. 'డాన్సు' అని పైకి చదివి మరీ నొక్కుతున్నాను.