జాడీల మీద నా చేతిరాత

రెండు జాడీల మీద రెండు పేర్లు రాసి, పదిమంది ఉన్న ఇంటిని రెండు ముక్కలు చేసిన ఘనత నాది. తుపానుకి కూడా చెక్కుచెదరని ఇల్లు నా అక్షరాలకు చీలింది. నవ్వుకోండి, నేనేమీ అనుకోను.

అరవై రెండో ఏట చదువు నేర్చాను. నేర్పింది మా చిన్నకోడలు లావణ్య. అప్పటిదాకా వేలిముద్రే. కొత్తగా కొమ్ములొచ్చిన దూడ కనబడ్డ గోడనల్లా కుమ్మినట్టు, పప్పు డబ్బా మీద పప్పు అనీ, తలుపు మీద తలుపు అనీ రాశాను.

ఆ వేసవి ఆవకాయ పెట్టాను. మా ఇంట్లో ఎప్పుడూ ఒకటే జాడీ, ఒకటే పొయ్యి. పెద్దవాడికి వెల్లుల్లి పడదు, చిన్నవాడికి అది లేకపోతే ముద్ద దిగదు. ఆ గోల పడలేక రెండు జాడీలు పెట్టాను. అక్కడితో ఆగొచ్చు కదా! మామిడి పెట్టెల మీద పేర్లు రాసే రంగు డబ్బా కనబడింది. ఒక జాడీ మీద శ్రీనివాసు అనీ, ఇంకోదాని మీద ప్రసాదు అనీ రాసి మురిసిపోయాను. మా నూజివీడు తోటల్లో పెట్టె మీద పేరు పడితే ఇంకొకరు దాని మీద చెయ్యి వేయరు. పుట్టినప్పటినుంచీ తెలిసిన ఆ సంగతి ఆ పూటే గుర్తు రాలేదు.

ముందు పెద్దకోడలు సుశీల చూసింది.

“ఏంటత్తయ్యా, పంచేశారా?”

“పంచడమేంటే! ఒకదాంట్లో వెల్లుల్లి ఉంది, ఒకదాంట్లో లేదు.”

“ఆ ముక్కే రాయొచ్చుగా? మనుషుల పేర్లెందుకండీ?”

నేను మొదట రాయడం నేర్చింది ఆ రెండు పేర్లే. అది చెప్పుంటే సరిపోయేది. అత్తగారిని కదా, “నా ఇల్లు, నా జాడీ, నా ఇష్టం!” అని అరిచాను.

ఆ అరుపుకి లావణ్య మేడ దిగింది. “మా జాడీ మాకిచ్చేయండి, పైకి తీసుకెళ్తాం.”

“నాకు చదువు చెప్పిందానివి, నీకు చదవడం రాదా?”

“వచ్చు కాబట్టే అడుగుతున్నానండీ.”

కిరసనాయిలు పోసి తోమాను. వానకే పోని రంగు, నాకు పోతుందా? జాడీ మేడెక్కింది. దాని వెనకే కొత్త గ్యాస్ పొయ్యి, దాని వెనకే బియ్యం బస్తా. మూడో రోజు ఆవకాయ తిరగకలిపే లోపే రెండు వంటలయ్యాయి. ఎన్నాళ్లనుంచి వెతుకుతున్నారో ఆ సాకు కోసం! నేనే రంగేసి మరీ చేతికిచ్చాను.

“ఇంతకీ మీ పేరున్న జాడీ ఏదత్తయ్యా?” అంది సుశీల, అన్నం వడ్డిస్తూ.

రెండూ నావే అనుకున్నాను మరి.

ఇప్పుడు మధ్యాహ్నం కింద తింటాను, రాత్రికి పద్దెనిమిది మెట్లెక్కి పైన తింటాను. మా తోటలోని ప్రతి చెట్టు సాక్షిగా ఒట్టు: ఒంట్లో ఊపిరున్నంతవరకు జాడీ మీద మనిషి పేరు రాయను. నిరుడు నాకోసం పెట్టుకున్న చిన్న జాడీ మీద వేలిముద్రే వేశాను. ఇంతవరకు అది మాదని ఏ అంతస్తువాళ్లూ అడగలేదు.