షాహీనా ముందే చూసింది

2007 వేసవి. గుంటూరులో ఒక కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్ని. మన శరీరంలో ప్రతి కణం చుట్టూ కొవ్వు అణువులతో అల్లిన పల్చటి పొర ఉంటుంది, దాన్ని మెంబ్రేన్ అంటారు. చలికాలం కొబ్బరినూనె సీసాలో కొంత గడ్డకట్టి కొంత నూనెగా మిగిలినట్టు, ఆ పొరలోనూ ఒక రకం కొవ్వులు ఒకచోట చేరి మచ్చలు కడతాయి. అవే డొమైన్లు. మేం కొవ్వు బుడగలు తయారుచేసి, మెరిసే రంగు కలిపి, మైక్రోస్కోపు కింద బలమైన దీపం వేసి ఆ మచ్చల్ని చూసేవాళ్లం.

షాహీనా నా ఎమ్మెస్సీ ప్రాజెక్టు విద్యార్థిని. వాళ్ల నాన్న మిర్చి కల్లాల్లో కూలి. ఆ అమ్మాయి బెంగళూరులో రీసెర్చి సీటుకు దరఖాస్తు పెట్టింది. దానికి నా సిఫార్సు ఉత్తరమే ముఖ్యం.

ఒకరోజు నోట్‌బుక్ తెచ్చింది. "సార్, దీపం వేసిన మొదట్లో మచ్చలేం లేవండి. కాసేపయ్యాకే వస్తన్నాయి. కల్లంలో ఎండ ఎక్కువైతే మిరపకాయ తెల్లబడుద్ది కదండీ, ఇది కూడా వెలుగుకి పాడవుద్దేమో."

నాకు చిర్రెత్తుకొచ్చింది. రీసెర్చి పత్రికకు పంపిన నా వ్యాసమంతా ఆ మచ్చల మీదే మరి. "ఇది లాబమ్మా, మీ కల్లం కాదు. ముందు ఫోకస్ చేయడం నేర్చుకో," అన్నాను. పక్కనున్న పిల్లలు నవ్వారు. నేను మైక్రోస్కోపులో కన్నయినా పెట్టకుండా ఆ పేజీ కొట్టేశాను. ఉత్తరంలో 'పరిశీలనలో శ్రద్ధ తక్కువ' అని రాశాను. సీటు రాలేదు.

ఆర్నెల్ల తర్వాత నేనే బుడగలు చూస్తుంటే కరెంటు పోయింది. ఆ దీపం చల్లారితే గానీ మళ్లీ వెలిగించకూడదు. అరగంట ఆగి, ఈసారి స్లైడు ఇంకా వెలుగు పడని మూలకి జరిపి చూశాను. బుడగలన్నీ నున్నగా ఉన్నాయి. కన్ను తీయకుండా కూర్చున్నాను. రెండు నిమిషాలకు ఒక మచ్చ, కాసేపటికి నాలుగు. వెలుగుకి కొవ్వులు చెడి మచ్చలు కడుతున్నాయి. ఇన్నాళ్లూ వాటిని పుట్టించింది నా దీపమే. తల కొట్టేసినట్టయింది. వ్యాసం వెనక్కి తీసుకున్నాను.

షాహీనా నరసరావుపేటలో ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు చెబుతోందని తెలిసి వెళ్లాను. కుర్చీ వేసి మంచినీళ్లిచ్చింది.

"నువ్వు చెప్పిందే నిజమమ్మా. తప్పు నాది," అన్నాను.

"నాకు చెప్పారు, సంతోషం సార్. ఆ ఉత్తరం చదివినోళ్లకి కూడా చెప్పారాండీ?"

చెప్పలేదు. అసలు ఆ ఆలోచనే రాలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. మర్నాడే బెంగళూరు వాళ్లకి రాశాను. వచ్చే ఏడు మళ్లీ దరఖాస్తు పెట్టుకోమన్నారు. ఆమె పెట్టలేదు.

నింద పదిమందికీ తెలిసేలా వేసి, తప్పు మాత్రం ఒక్కరి దగ్గరే ఒప్పుకుంటే సరిపోదని ఆ స్కూలు వరండాలో తెలిసింది. అందుకే ఏటా కొత్త బ్యాచ్‌కి మొదటి క్లాసులోనే ఇదంతా చెబుతాను. చెప్పేటప్పుడు ఇప్పటికీ తలెత్తి పిల్లల్ని చూడలేను.