అవ్వ చెప్పిన జాబు

ఆ రోజుల్లో మనిషికి తీరిగ్గా అనుమానించే వీలుండేది. ఇప్పటి పిల్లలకు సీటొచ్చిందో లేదో క్షణంలో తెలిసిపోతుంది. నవ్వాలన్నా ఏడవాలన్నా అక్కడికక్కడే పని ముగుస్తుంది. మేమైతే అప్లికేషన్ పోస్టు డబ్బాలో వేసి, మళ్ళీ యూనివర్సిటీ నోట మాట వినేదాకా రెండు నెలలు గడపాలి. ఆ రెండు నెలల్లో నేను అనుమానించని వస్తువు లేదు, మనిషి లేడు. స్టాంపు ఊడిపోయి ఉంటుందని అనుమానించాను. డబ్బా తెరిచే మనిషి ఆ రోజు సెలవు పెట్టి ఉంటాడని అనుమానించాను. నా ఇంటిపేరు ఇంగ్లీషులో రాసేటప్పుడు ఒక అక్షరం తగ్గించానేమో, నా సీటు ఇంకెవడి ఇంటికో పోయిందేమో అని కూడా అనుమానించాను. కాలేజీలో నాకు సీఐడీ అన్న పేరు ఊరికే పెట్టలేదు.

అరవైల మొదట్లో సంగతి. అనంతపురంలో బీయెస్సీ పాసై ఎమ్మెస్సీ ఫిజిక్సుకు అప్లికేషన్ పెట్టాను. మా ఊరు బుక్కరాయసముద్రం దాటి ఇంకా లోపలికి, టౌన్ నుంచి సైకిలు మీద గంట దారి. వరుసగా రెండేళ్ళు వానల్లేక శెనక్కాయ చేలు ఎండిపోయాయి కాబట్టి నాకు సీటొక్కటే వస్తే చాలదు. ఆ డిపార్ట్‌మెంటులో చదువుకుంటూనే చిన్న తరగతుల వాళ్ళకు ప్రయోగాలు చూపించే డిమాన్‌స్ట్రేటర్ పని ఒకటుందనీ, అది దొరికినవాడికి ఫీజూ హాస్టలు తిండీ గడిచిపోతాయనీ మా లెక్చరరు చెప్పాడు. దానికి వేరే ఇంటర్వ్యూ. ఈ సంగతి నాయనకు వివరించడమే నేను ఎదుర్కొన్న మొదటి ఇంటర్వ్యూ.

"అదేం పనిరా?" అన్నాడు నాయన.

"డిమాన్‌స్ట్రేటర్ నాయనా. ప్రయోగాలు చేసి చూపించాల."

"చేసి చూపించేదానికి జీతమిస్తారా?"

"ఇస్తారు."

 "మన సంతలో పాముల్నాడించేటోడు గూడా చేసే చూపిస్తాడు. వాడు యాడ చదివినాడప్పా?" అన్నాడు. తర్వాత ఎగతాళి మాని మామూలు గొంతుతో చెప్పాడు. "సీటూ ఆ పనీ రెండూ వస్తే పో. నేను అడ్డం రాను. రాకపోతే జూలై మొదటి సోమవారం నుంచి టౌన్లో కాయల మిల్లులో గుమాస్తాగా కూర్చో. సావుకారితో మాట్లాడి పెట్టినా." మిల్లు గుమాస్తా పనిలో తప్పేమీ లేదు. కానీ ఒకసారి ఆ మిల్లులో కూర్చుంటే ఇక లేవనని నాకు తెలుసు, నాయనకూ తెలుసు.

ఇక అడ్రసు సంగతి. మా ఊరికొచ్చే ఉత్తరాలన్నీ అంగడి కట్ట మీద గుట్టగా పోసేవాళ్ళు. కార్డయితే అది ఎవరిదో ఆ మనిషి చేతికి అందేలోపల పదిమంది చదివి, ముగ్గురు సలహాలు చెప్పేవాళ్ళు. కవరైతే ఇంకా ప్రమాదం, ఏముందో తెలియలేదని దాన్ని ఎండకు పట్టి చూసేవాళ్ళు. (నాకూ ఆ అలవాటు ఉండేది, అందుకే భయం.) కాబట్టి అప్లికేషన్‌లో మా ఊరి అడ్రసు రాయకుండా, టౌన్లో ఉండే నా సహపాఠి ఇంటి అడ్రసు ఇచ్చాను. వాడి చేత ఒట్టు కూడా వేయించుకున్నాను. "నా జాబు వస్తే నా చేతికే ఇయ్యాల. మా అమ్మకు గాదు, మా నాయనకు గాదు, నా చేతికి."

"సరే లేరా సీఐడీ" అన్నాడు వాడు. మా వైపు జాబంటే ఉత్తరం. ఈ మాట గుర్తుంచుకోండి. నేను గుర్తుంచుకోలేదు, అదే గొడవ.

ఆ సహపాఠికి కాలేజీలో పేరు జీరో ఎర్రర్. వెర్నియర్ చేతికిచ్చినా, స్క్రూగేజీ ఇచ్చినా, కొలవకముందే ఆ పరికరంలో ఉన్న తప్పు తేల్చుకోవడానికి "జీరో ఎర్రర్ ఎంతుంది సార్?" అని అడిగేవాడు. నెమ్మదైనవాడు. వాడి మీద నాకు నమ్మకమే అని చెప్పుకుంటూ తిరిగాను, మూడో రోజు వాడే వచ్చి "నువ్వు వేసినావు గదా అని నేను గూడా అదే ఎమ్మెస్సీకి, అదే డిమాన్‌స్ట్రేటర్ పనికి అప్లికేషన్ వేసినారా. ఇద్దరం పోతే తోడుంటాది" అనేదాకా. తోడు అన్న మాట నా చెవిలోకి పోటీ అనే పడింది. నా ఉత్తరం వచ్చే ఇంట్లోనే నా పోటీదారు కాపురం. ఇంత తెలివైన పని నేనొక్కడినే చేయగలను.

ఇంటర్వ్యూకి తయారవడానికి బుక్కరాయసముద్రం చెరువు కట్ట మీద కలుసుకునేవాళ్ళం. మా ఇద్దరికీ అది నడిమధ్య. ఆ ఏడు చెరువులో పశువులు మేసేవి. ఒకడు ప్రొఫెసరు, ఒకడు అభ్యర్థి. జీరో ఎర్రర్ ప్రొఫెసరుగా కూర్చున్నప్పుడు సులువైన ప్రశ్న అడిగితే, కష్టమైనవి తనకు దాచుకుంటున్నాడని అనుమానించేవాణ్ణి. కష్టమైనది అడిగితే, నాకు పిరికి మందు పోస్తున్నాడని అనుమానించేవాణ్ణి. "బాగా చెప్పినావు" అంటే నా తప్పు నాకు చెప్పకుండా దాస్తున్నాడన్న మాట. పాపం, వాడు ఇంకెలా మాట్లాడాలో నాకు ఇప్పటికీ తెలియదు. నేను చేసిన పని మాత్రం చెప్పాలి. ఆ ఇంటర్వ్యూలో ఏదో ఒక పరికరం చేతికిచ్చి "ఇందులో లోపమేమిటి?" అని అడుగుతారని మా కాలేజీ అటెండరు నాకు చెవిలో చెప్పాడు. ఆ సంగతి నేను జీరో ఎర్రర్‌కు చెప్పలేదు. దానికి సిగ్గుపడుతున్నాను.

జూన్ రెండో వారం నుంచి రోజు విడిచి రోజు వాళ్ళింటికి సైకిలు తొక్కేవాణ్ణి. "ఇంకా రాలేదురా" అనేవాడు. వాడి నోరు రాలేదంటుంది, సాక్ష్యాలు వచ్చిందంటున్నాయి. ఒకరోజు చూస్తే క్షవరం చేయించుకున్నాడు. ఇంకోరోజు దర్జీ దగ్గర కొత్త అంగీకి కొలతలిచ్చి వస్తున్నాడు. ఎప్పుడూ మజ్జిగ ఇచ్చే వాళ్ళవ్వ నాకు కాఫీ ఇచ్చింది. (ఓడిపోయినవాణ్ణి ఓదార్చడానికి కాకపోతే కాఫీ ఎందుకు?) పైగా చెరువు కట్ట మీద వాడు ప్రొఫెసరుగానే కూర్చుంటున్నాడు, అభ్యర్థిగా కూర్చోమంటే "నాకెందుకులే, నువ్వు చెప్పు" అంటున్నాడు. అంటే వాడి తయారీ అయిపోయిందని నేను నిర్ధారించుకున్నాను.

చివరికి ఆ బుధవారం వచ్చింది. రోడ్డు మీదుగా ఎదురుగాలిలో తొక్కి తొక్కి వాళ్ళింటికి చేరేసరికి అవ్వ ఒక్కతే గడప మీద కూర్చుని చింతపండు ఒలుస్తోంది. ఆమెకు అరకొర చెవుడు, సగం మాటలే వినబడతాయి. నన్ను చూడగానే ముఖమంతా నవ్వు చేసుకుంది.

"జాబొచ్చినాది నాయనా!"

సైకిలు దిగకుండానే అడిగాను. "యాడ నుంచి అవ్వా?"

"ఆ యూనివర్సిటీ నుంచేనంట. జాబు పట్టుకోని మావోడు పొద్దున్నే పరిగెత్తినాడు. నీళ్ళు గూడా తాగలేదు."

"ఎవరికొచ్చింది జాబు?" అని అరిచాను.

"ఆఁ, మంచి జాబే" అంది అవ్వ. "కాఫీ తాగి పో."

పుట్టినప్పటి నుంచి ఆ మాట నాకు ఉత్తరమే. మా అమ్మ జాబు రాయమంటే కార్డు తెచ్చేవాణ్ణి తప్ప ఉద్యోగం వెతికేవాణ్ణి కాదు. కానీ మూడేళ్ళు ఇంగ్లీషులో చదివి, రెండు నెలలుగా "ఆ జాబ్ వస్తే", "ఆ జాబ్ రాకపోతే" అని చెరువు కట్ట మీద గొంతు చించుకున్నవాడికి సొంత భాష ఎక్కడ గుర్తుంటుంది? వాడికి ఉద్యోగం వచ్చింది, పట్టుకుని పరిగెత్తాడు. ఉద్యోగాన్ని చేత్తో పట్టుకుని ఎవడైనా పరిగెత్తుతాడా అన్న ఆలోచన బీయెస్సీ పాసైన బుర్రకు తట్టలేదు. కాఫీ వద్దని సైకిలు తిప్పాను. (వాడు చేల మీదుగా అడ్డదారిన మా ఊరికే పోయాడని నాకెలా తెలుస్తుంది? అవ్వ చెబుతూ ఉండగానే పెడల్ తొక్కాను.)

ఇంటికి రాగానే అమ్మ "నీ స్నేహితుడు నడిచొచ్చినాడురా. ఏందో నీతోనే చెప్పాలన్నాడు. రేపొస్తాడంట" అంది. గెలిచినవాడు ఊరంతా దాటి వచ్చి గొప్ప చెప్పుకోవాలనుకున్నాడు! నేను నేరుగా నాయన దగ్గరకు పోయి "సోమవారం నుంచి మిల్లుకు పోతా" అన్నాను. నాయన ఎగతాళి చేస్తాడనుకున్నాను. చేయలేదు. "పాములాడించేటోడని అనింటి గదా, మనసులో పెట్టుకోవద్దురా" అని, తింటున్న అన్నం సగంలో వదిలి లేచి పోయాడు. నేను ఆ పూట నిజంగా ఏడ్చాను.

మరుసటి రోజు పొద్దున జీరో ఎర్రర్ రావడం దూరం నుంచే చూశాను. "నేను తనకల్లుకు, అత్త వాళ్ళింటికి పోయినానని చెప్పు" అని అమ్మకు అప్పజెప్పి గడ్డివామి వెనక్కి దూరాను. మా అమ్మకు అబద్ధం రాదు. పుట్టుకతోనే లేదు.

"వాడు తనకల్లుకు పోయినాడంట నాయనా" అంది.

"పోయినాడంటనా? ఎవరు చెప్పినారమ్మా?"

"వాడే చెప్పినాడు."

జీరో ఎర్రర్ వాకిట్లో నిలబడి గట్టిగా అరిచాడు. "రేయ్ సీఐడీ! యాడుండావురా? జాబు ఇయ్యల్ల!"

వామి వెనక నుంచి నేనూ అరిచాను. "నీ జాబు నువ్వే పెట్టుకో! నాకు చూపించాల్నా?"

"నాది గాదురా, నీదే!"

"నాదైతే నువ్వేల పట్టుకోని పరిగెత్తినావు?"

"నీ చేతికియ్యను! ఒట్టేయించుకుంటివి గదరా! నిన్న మీయమ్మ ఏందని అడిగినా చెప్పలేదు. ఇంటర్వ్యూ ఎప్పుడుండాదో ఏమో, తొందరగా రా!"

ఇయ్యను అంటే ఇవ్వనని కాదు, ఇవ్వడానికని అర్థం చేసుకునేందుకు కూడా నాకు కొంత సమయం పట్టింది. ఒంటి నిండా గడ్డితో బయటికొచ్చాను. వాడు అంగీ లోపల నుంచి పొడుగాటి కవరు తీసి ఇచ్చాడు, చెమటకు ఒక మూల తడిసి ఉంది. ఇక్కడ నేను చేసిన పని రాయకుండా దాటేద్దామని చాలాసార్లు అనుకున్నాను. కవరు చేతిలోకి తీసుకుని, చింపలేదు. ముందు వెనక్కి తిప్పి, అంటించిన చోట ఆవిరి పట్టి తెరిచిన జాడ ఏమైనా ఉందా అని వేలితో తడిమి చూశాను. వాడి ముందరే.

"సరిగ్గానే అంటించి ఉండాదా?" అన్నాడు వాడు. కోపం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది.

సీటు వచ్చింది. శనివారం పదింటికి డిమాన్‌స్ట్రేటర్ పనికి ఇంటర్వ్యూ. గురువారం పొద్దున అందింది కాబట్టి సరిపోయింది. ఇంకొక్కరోజు వామి వెనక ఉండి ఉంటే నా చదువు అక్కడే ముగిసేది. "మరి నీకు?" అన్నాను.

"నాకు కార్డొచ్చి పది దినాలాయె. సీటు లేదంట." వాడు నా తలలో గడ్డి తీసేస్తూ చెప్పాడు. "నీకు చెప్తే నువ్వు గూడా భయపడతావని చెప్పలే. ధర్మవరంలో బడి పంతులు పని ఉండాదంటే మొన్న పోయొచ్చినా. దానికే అంగీ కుట్టించుకున్యా."

 అటెండరు చెప్పిన సంగతి అప్పుడు చెప్పాను, దాచినందుకు తిట్టమన్నాను. "ఇప్పుడు నాకెందుకురా అది?" అని నవ్వాడు. లోపలికి పోయి నాయనతో చెబితే ఆయన కవరు అటూ ఇటూ తిప్పి చూసి, చదవడం రాకపోయినా చివరిదాకా చూసి, "మిల్లుకు నేను చెప్పుకుంటాలే" అన్నాడు.

ఆ మధ్యాహ్నమే గుత్తికి బస్సు, అక్కడ రైలు. జీరో ఎర్రర్ బస్సు దాకా వచ్చి, కొత్త అంగీ విప్పి ఇచ్చి నా పాతది తొడుక్కున్నాడు. ఇంటర్వ్యూలో ముగ్గురు ప్రొఫెసర్లు కూర్చున్నారు. ఒక స్ప్రింగు తక్కెడ నా చేతికిచ్చి లోపం చెప్పమన్నారు. ప్రతిదాన్నీ అనుమానించే బుద్ధి ఆ ఒక్క పూట నాకు కూడు పెట్టింది. ముల్లును అనుమానించాను, కొక్కేన్ని అనుమానించాను, చివరికి స్ప్రింగులో సాగి పాడైన చుట్టను పట్టుకున్నాను. పెద్దాయన నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకు పని రాలేదని బయటికొచ్చి బెంచీ మీద గంటసేపు దిగులుపడ్డాను. వచ్చింది.

దసరా సెలవులకు వచ్చినప్పుడు ధర్మవరం పోయి, బడి విడిచేదాకా బయట నిలబడి, వాణ్ణి పట్టుకున్నాను. "రేయ్, ఆ కవరు తిప్పి చూసినందుకు నన్ను ఏమన్నా అనరా. ఇన్నాళ్ళయినా నిద్ర పట్టడం లే" అన్నాను.

వాడు చేతికంటిన సుద్ద దులుపుకున్నాడు. "ఏమనాలప్పా? నన్ను నమ్మకపోతే నమ్మకపోతివి. ఊరంతట్లో మా ఇల్లే నమ్మి జాబు రాయించుకుంటివి గదా. అది చాల్లే" అన్నాడు.

నేను తలూపాను. ఆ టౌన్లో నాకు డోరు నెంబరు తెలిసిన ఇల్లు అదొక్కటేనని, అందుకే రాశానని చెప్పలేకపోయాను. ఇద్దరికీ జుట్టు తెల్లబడింది, ఇప్పటికీ ఏడాదికోసారి కలుస్తాం, ప్రతిసారీ చెబుదామనే పోతాను. చెప్పినా వాడు నమ్మడు.