సిరొంచ మిరపచేనుకు దారి: ఏడుగురు పిల్లలతో ఒకే ఆటోలో

నేను సిరొంచ వెళ్ళింది గోదావరి, ప్రాణహితల సంగమం చూడటానికి కాదు, మిరపచేను చూడటానికి. మా కరీంనగర్‌లోని చిన్న సంస్థ విదేశీ కొనుగోలుదారుల తరఫున, ముందే కబురు పెట్టి, పొలాలు తనిఖీ చేస్తుంది. అంతర్జాతీయ కార్మిక ప్రమాణాల ప్రకారం ఆ పంటలో పిల్లల చెయ్యి పడలేదని నేను సంతకం పెడితేనే మిరపకాయ ఓడ ఎక్కుతుంది. నా సంచిలో నలభై ఎనిమిది ప్రశ్నల ఫారం ఉంటుంది. "పొలంలో పిల్లలు పనిచేస్తూ కనిపించారా?" అన్నది ముప్ఫై ఒకటో ప్రశ్న. ఇప్పటికి పదకొండు ఊళ్ళలో దానికి "లేదు" అని రాశాను. దేశం బాగుపడిపోతోందని మా ఆవిడకు గర్వంగా చెప్పుకున్నాను కూడా.

ఫిబ్రవరిలో ఒక మంగళవారం తెల్లవారుజామున అయిదింటికి కాళేశ్వరం బస్సెక్కాను. మంథని మీదుగా మూడున్నర గంటల ప్రయాణం, టికెట్టు రెండు వందల లోపే. కాళేశ్వరం నుంచి గోదావరి వంతెన మీదుగా సిరొంచకు షేర్ ఆటోలు దొరుకుతాయి. మనిషికి ముప్ఫై రూపాయలు, పదిమంది నిండితేనే కదులుతాయి. వంతెన దాటగానే బోర్డులు మరాఠీలోకి మారిపోతాయి కానీ తిట్లు మాత్రం అచ్చ తెలుగులోనే వినిపిస్తాయి. సిరొంచ బస్టాండు దగ్గర టిఫిన్ చేస్తూ, మిరపచేనుకు వెళ్తున్నానని హోటల్ నడిపే పెద్దావిడతో అన్నాను. "జర పైలం బిడ్డా, ఎవల చెయ్యి పట్టుకున్నా ఆ చేత్తోని కండ్లు తుడుసుకోకు" అంది. నలభై తొమ్మిదేళ్ళకు నన్ను బిడ్డా అన్నదన్న సంతోషంలో సలహా చెవికెక్కలేదు.

అక్కడే ఒక తెల్లకారు అద్దెకు తీసుకున్నాను. చేను అసరెల్లి దారిలో పద్దెనిమిది కిలోమీటర్ల దూరంలో ఉందని చెప్పారు. ఆ రోడ్డు గురించి మరీ ఎక్కువ చెప్పను, ఏడో కిలోమీటరులో కారు టైరు పేలింది. స్టెప్నీ తీసి చూస్తే అందులోనూ గాలి లేదు. బరువు తగ్గాలని నన్ను దింపేసి, డ్రైవరు పేలిన టైరు మీదే కారును మెల్లగా సిరొంచ వైపు తోలుకుపోయాడు. పదకొండు గంటల ఎండలో, మెడలో తువ్వాలుతో, నేనొక్కణ్ణే రోడ్డు మీద మిగిలాను.

అరగంటకు ఎదురుగా ఒక ఆటో వచ్చింది. చెయ్యెత్తగానే ఆగింది. లోపల ఏడుగురు పిల్లలు కిటకిటలాడుతూ కూర్చున్నారు. డ్రైవరు పేరు పోచం, పాతికేళ్ళ కుర్రాడు. నేను వెళ్ళాల్సిన ఊరు చెబితే తల అడ్డంగా ఊపాడు.

"గా ఊరికి నాలుగు గొట్టేదాక పోరాదు సారూ. ఎవలో పెద్దసారు వస్తుండట. ఆయన పొయ్యేదాక ఈ పోరగాండ్లను ప్రాణహిత ఒడ్డుకు తిప్పుకరమ్మన్నరు. ఎక్కుండ్రి, ఒచ్చేటప్పుడు దింపుత."

"చోటెక్కడుందయ్యా?"

"చోటు గీటు చూసుకుంటరా? రోడ్డు మీద మనిషిని ఇడిచిపెట్టి పోవుడు మా దిక్కు లేదు సారూ. మళ్ళ బండి ఎప్పుడొస్తదో ఎవలకెరుక."

నిజమే. బళ్ళు తక్కువ తిరిగే ఆ దారిలో అదొక కట్టుబాటు. చెయ్యెత్తితే ఆగాల్సిందే, ఆగితే ఎక్కించుకోవాల్సిందే. పోచాన్ని పంపినవాళ్ళు ఆ రోజు ఎవరినీ ఎక్కించుకోవద్దని గట్టిగా చెప్పాల్సింది, కానీ అక్కడ అలాంటి మాట ఎవరికీ తోచదు. పైగా పెద్దసారంటే కారులోనే వస్తాడని అందరి లెక్క. ఎండకు కమిలిపోయి రోడ్డు పక్కన నిలబడ్డ మనిషి పెద్దసారు ఎలా అవుతాడు?

నా పక్కన కూర్చున్న పిల్ల పేరు సమ్మక్క. జింగనూర్ నుంచి మిరప ఏరడానికి వాళ్ళమ్మతో వచ్చిందట. "తాతా, జర జరుగు" అంది. బస్టాండులో బిడ్డగా ఉన్నవాణ్ణి పది కిలోమీటర్లు తిరక్కుండానే తాతనయ్యాను. నెల నెలా జుట్టుకు రంగు వేస్తున్నది ఎందుకో నాకే తెలియలేదు.

దారి పొడుగునా సమ్మక్క మిగతా పిల్లలకు పాఠం చెప్పింది. పెద్దసారు ఎక్కడైనా ఎదురుపడితే ఏం చెప్పాలో లక్ష్మయ్య, అంటే చేను ఆసామి, నేర్పాడట. "తాతా, నువ్వు సారువనుకో, నన్ను అడుగు" అంది.

"నీ వయసెంత?"

"పదహారు."

"ఇక్కడేం చేస్తున్నావు?"

"పెద్దమ్మ ఇంటికి చుట్టపుసూపుకొచ్చిన." వెంటనే తల కొట్టుకుని వెనక్కి చూపించింది. "గా బుడ్డోడు గూడ పదహారే అంటుండు తాతా. వానికింక పాలపండ్లే ఊడలే. సారు కండ్లద్దాలు పెట్టుకొని వస్తడట, పట్టేయడా?"

నేను మెల్లగా కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాను.

ప్రాణహిత ఒడ్డున పోచం అందరికీ బిస్కెట్లు పంచాడు. పిల్లలు తిన్నారు గానీ ఆడుకోలేదు. వరుసగా కూర్చుని మోచేతుల దాకా చేతులు నీళ్ళలో పెట్టుకున్నారు. ఆటనుకున్నాను. "మంట సల్లారుతది తాతా" అంది సమ్మక్క. తనకు పదకొండేళ్ళనీ, దీపావళి తర్వాత బడి మొహం చూడలేదనీ అప్పుడే చెప్పింది. ఏప్రిల్‌లో అయిదో తరగతి పరీక్ష రాయకపోతే ఆశ్రమశాలలో, అంటే అక్కడి హాస్టలు బడిలో, ఆరో తరగతికి తీసుకోరట. దగ్గర్లో బడి లేదా అంటే ఉందంది. చేను నుంచి నాలుగు కిలోమీటర్లు. నడిచి వెళ్ళాలంటే మధ్యలో అడవి తునక ఉంది, కూలీల గుడారంలో ఒంటరిగా ఉంచాలంటే వాళ్ళమ్మకు భయం. అందుకే అమ్మ వెనకే చేలోకి వెళ్తోంది.

నాకు సిగ్గేసింది. పదకొండు ఊళ్ళలో పిల్లలు కనపడలేదని రాశాను కదా, వాళ్ళంతా ఆ పూట ఏ ఒడ్డున కూర్చుని బిస్కెట్లు తిన్నారో!

రెండున్నరకు పోచం ఫోను మోగింది. లక్ష్మయ్య గొంతు నాక్కూడా వినిపించింది. "ఆ సారు రాలే, ఇగ రాడు. పోరగాండ్లను తోలుకరా, కింది కాయలన్ని అట్లనే ఉన్నయి."

కింది కాయల సంగతి చేనుకు వెళ్ళాక అర్థమైంది. మిరపలో పెద్దవాళ్ళు పైకాయలు ఏరుకుంటూ పోతారు, వంగే పనిలేని పిల్లలు కిందివి ఏరుతారు. ఆ రోజు ఏరిన సాళ్ళలో పైన ఆకుపచ్చగా, కింద ఎర్రగా ఉంది. మోకాలి కింద చేనంతా సాక్ష్యమే.

పిల్లలు ఆటో దిగి సాళ్ళలోకి ఉరికారు. చివరగా సమ్మక్క నా చెయ్యి పట్టి దింపింది. నేను సంచిలోంచి గుర్తింపు కార్డు తీసి మెడలో వేసుకుని, కళ్ళజోడు పెట్టుకోబోతూ అలవాటుగా కళ్ళు తుడుచుకున్నాను. నది నీళ్ళకు ఆ చేతుల కారం పూర్తిగా పోలేదు. పెద్దావిడ సలహా అప్పుడు గుర్తొచ్చింది. లక్ష్మయ్య పరుగెత్తుకొచ్చేసరికి నేను ధారగా ఏడుస్తున్నాను.

లక్ష్మయ్య కార్డు చూశాడు, ఆటో చూశాడు, పోచాన్ని చూశాడు. "సారును, పోరగాండ్లను ఒక్కటే ఆటోల ఏసుకొచ్చినవారా?"

"రోడ్డు మీద నిలవడ్డడు. ఎట్ల ఇడిచిపెట్టాలె?" అన్నాడు పోచం. లక్ష్మయ్య నా చేతికి నీళ్ళ చెంబిచ్చి, "ఏడువకుండ్రి సారూ, ఏదన్న చేద్దాం" అన్నాడు నాతో.

సమ్మక్క వెనక్కి వచ్చి నిలబడింది. "తాతా, గా సారువు నువ్వేనా?" అంది. ఆ గొంతులో కోపం కన్నా భయం ఎక్కువ ఉంది. "అయితే పదహారని రాసుకో. ఒడ్డుకాడ చెప్పింది అబద్ధం. మా అమ్మ పని తియ్యొద్దు."

ఫారం తెరిచాను. "పదహారేళ్ళ పిల్లను అయిదో తరగతి పరీక్షకు కూర్చోనివ్వరు కదమ్మా" అన్నాను.

ఆ పిల్ల వాళ్ళమ్మ వైపు చూసింది, చేను వైపు చూసింది. "పదకొండు" అంది.

ముప్ఫై ఒకటో ప్రశ్నకు మొదటిసారి "అవును, ఏడుగురు" అని రాశాను. కొనుగోలుదారు వెనక్కి తగ్గితే ముందు పోయేది ఈ తల్లుల కూలీయే. కానీ నలభై ఒకటో గడిలో సరిదిద్దే మార్గం రాసి, పదిహేను రోజుల్లో అది నిజమైందని చూపిస్తే కొనుగోలు ఆగదని నిబంధన ఉంది. ఆ గడిలో ఏం రాయాలో నాకు తోచలేదు. సమ్మక్క తల్లికి తోచింది.

"దాచవెట్టుటానికి ఆటో దొరికింది గద పటేలా. బడికి దొరకదా?"

లక్ష్మయ్య గొణిగాడు. "మరి కింది కాయలెవలు ఏరాలె?"

"నువ్వే వంగు."

ఆడవాళ్ళంతా నవ్వారు. పోచం కూడా నవ్వబోయి, లక్ష్మయ్య మొహం చూసి ఆగాడు. ఊరి బడి గురూజీకి ఫోను చేశాం. రేపట్నుంచి పంపితే హజేరీ పుస్తకంలో పేర్లు ఎక్కిస్తాననీ, సమ్మక్కను పరీక్షకు కూర్చోబెడతాననీ అన్నాడు. నేను గడి నింపాను. లక్ష్మయ్య, పోచం సంతకాలు పెట్టారు.

ప్రమాణాలు ఎక్కడో చల్లటి దేశంలో, గాజు అద్దాల గదిలో రాస్తారు. అవి మంచివే, వాటిని నేనిప్పుడూ నమ్ముతున్నాను. కానీ చేలో పిల్లలు లేరా అని చూసి వచ్చేవాడికి సగం పనే అయినట్టు. లేకపోతే మరెక్కడ ఉన్నారని అడగాలి. అది నా ఫారంలో లేదు, ఇప్పుడు చేత్తో రాసుకున్నాను, నలభై తొమ్మిదో ప్రశ్నగా. పాత పదకొండు ఊళ్ళకూ మళ్ళీ వెళ్తున్నాను.

ఇక మీకు పనికొచ్చే మాట ఒకటి. అటువైపు వెళ్తే పొద్దున తొమ్మిది నుంచి పదిన్నర దాకా పోచం ఆటో మీద ఆశ పెట్టుకోకండి. పదిహేను రోజుల తర్వాత తనిఖీకి వెళ్ళి, చేను నుంచి బడికి పోవడానికి నేనూ చెయ్యెత్తాను. కట్టుబాటు ప్రకారం ఆగింది. లోపల ఏడు సంచులు, ఏడు మొహాలు. "చోటు లేదు తాతా, బడికి ఆలిశమైతుంది" అంది సమ్మక్క. పోచం చేతులు జోడించాడు. ఆ దారిలో ఒక ఆటో మనిషిని రోడ్డు మీద వదిలేసి వెళ్ళడం అదే మొదటిసారి కావచ్చు. బడి దాకా ఆ నాలుగు కిలోమీటర్లు హాయిగా నడిచాను.