సీటు ఎక్కకుండా నేర్చిన సైకిల్

2022 జూన్. బళ్లు తెరిచే రోజులు కావడంతో కోదాడలో మా సైకిల్ షాపు కిటకిటలాడుతోంది. ఆ శనివారం నడిగూడెం నుంచి లక్ష్మమ్మ భర్తతో కలిసి వచ్చింది. నలభై దాటిన మనిషి. పక్క ఊరి పిల్లల హాస్టల్లో వంటపని దొరికిందట. తెల్లవారేసరికి టిఫిన్ చేయాలి, ఆ వేళకు ఆటోలుండవు. సోమవారం వేళకు చేరకపోతే పని ఇంకొకరికి పోతుంది.

"తొక్కడం వచ్చా చెల్లెమ్మా?" అన్నాను.

"ఎందుకు రాదన్నా! చిన్నప్పుడు మా నాయిన సైకిల్ మస్తు తొక్కిన."

భర్త చూపంతా ఒక ఎర్ర సైకిల్ మీదే. "గిది సూడు, ఎంత సక్కగున్నదో!" దానికున్నది ఫ్లాట్ బార్, అంటే కర్రలా అడ్డంగా ఉండే హ్యాండిల్. ముందుకు వంగి, చేతులు చాపి పట్టుకోవాలి. కొత్తవాళ్లకు కష్టమని చెబుతూనే ఉన్నాను, ఆయన వింటేగా!

లక్ష్మమ్మ ఎక్కింది. రెండు తొక్కులు తొక్కిందో లేదో, హ్యాండిల్ కుడివైపుకు తిరిగి నా టైర్ల కుప్ప మీద పడింది. మళ్లీ ఎక్కిస్తే మళ్లీ కుడికే. బోల్టులన్నీ చూశాను, బండిలో ఏ లోపమూ లేదు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇగ నా కొలువు ఖతమే అన్నా."

నాకూ మనసు చివుక్కుమంది. నా పాత పెద్ద సైకిల్ తెచ్చి, "మీ నాయన సైకిల్ ఎట్లా తొక్కావో చూపించు" అన్నాను. కుచ్చిళ్లు దోపుకుంది. అడ్డకడ్డీ కిందనుంచి కాలు దూర్చి, కుడిచేత్తో సీటును కౌగిలించుకుని, ఒక్క ఎడమచేత్తో హ్యాండిల్ పట్టి సందు చివరిదాకా రయ్యిన పోయొచ్చింది. కత్తెర తొక్కుడు! ఆమె జన్మలో సీటు ఎక్కలేదు. కుడిచేతికి హ్యాండిల్ కొత్త. పట్టగానే భయంతో లాగేస్తోంది.

నాకు ప్రాణం లేచొచ్చింది. అడ్డకడ్డీ లేని లేడీస్ సైకిల్‌కు స్వెప్ట్ బ్యాక్ బార్ బిగించాను. దాని పిడులు వెనక్కి, మనవైపుకు వంగి ఉంటాయి. నిటారుగా కూర్చుంటే మోచేతులు ఒంటికి ఆనుతాయి, లాగడానికి చోటుండదు. రెండు పాదాలూ నేలకు ఆనేలా సీటు దించాను.

"కుడిచేయి ఊరికే ఆనించు. తిప్పేది ఎడమదే."

పొద్దుగూకేదాకా భర్త వెనక క్యారియర్ పట్టుకుని రొప్పుతూ పరుగెత్తాడు. ఎర్ర సైకిల్ ఊసే ఎత్తలేదు.

సోమవారం పొద్దున నాకు చాయ్ కూడా సహించలేదు. ఫోన్ మోగింది.

"అన్నా, ఉప్మా దించిన" అంది లక్ష్మమ్మ.

హమ్మయ్య అనుకుని చాయ్ తెప్పించుకున్నాను. అప్పటినుంచి పెద్దవాళ్లు ఎవరొచ్చినా ముందు హ్యాండిళ్లు చూపించను. నా పాత సైకిల్ చేతికిచ్చి, "మీకు వచ్చినట్టు తొక్కండి" అంటాను.